అరవై ఒకటో వరుస

అయినా రెండు వందల పన్నెండు ఏమంత పెద్ద సంఖ్య? మనిషి ఒంట్లో ఎముకలే ఇంచుమించు అన్ని ఉంటాయి. వాటిలో ఏవి అక్కర్లేదో గోడకు అంటించి నలుగురినీ అడగమంటే ఎవరైనా ఒప్పుకుంటారా? ఈ మాట మేనేజరు ముఖం మీదే అనాల్సింది. ఆమె మెట్లు దిగి వెళ్ళిన పది నిమిషాలకు తట్టింది. అతనికి మంచి మాటలన్నీ అవతలి మనిషి వెళ్ళిపోయాకే తడతాయి. భార్యతో వచ్చిన ప్రతి తగాదాలోనూ చివరికి అతనే గెలిచాడు. కాకపోతే ఆమె లేనప్పుడు, అద్దం ముందు, గడ్డం గీసుకుంటూ.

బస్సు డిపోలో ప్రోగ్రాములు రాయడం అతని ఉద్యోగం. ఏ డ్రైవరు ఏ రోజు ఏ బస్సు నడపాలో చెప్పే డ్యూటీ చార్టును పన్నెండేళ్ళుగా అతని ప్రోగ్రామే వేస్తోంది. ఇవాళ సోమవారం పొద్దున మాత్రం వేయనంది. వచ్చే వారం నుంచి నాలుగు పొడవు బస్సులు వస్తున్నాయని చేర్చగానే, తెర మీద 'సాధ్యం కాదు' అని రాసి ఊరుకుంది. ఎందుకు సాధ్యం కాదో చెప్పలేదు. దానిచేత కారణం చెప్పించాలని అతనికి ఎప్పుడూ తోచలేదు. కారణం కావాల్సిన వాళ్ళు మెట్లెక్కి తన దగ్గరికే వస్తారు కదా అనుకున్నాడు.

ఇవాళ మెట్లెక్కి వచ్చింది కొత్త మేనేజరు.

"కింద బల్ల దగ్గర గుమస్తా, అదే మన చార్టు అక్క, పెన్సిలూ రబ్బరూ పెట్టుకుని నలభై నిమిషాల్లో వచ్చే వారం చార్టు వేసేసింది. మీదెందుకు వేయట్లేదు?"

అతను చెప్పాడు. ఇరవై నిమిషాలు చెప్పాడు. ప్రోగ్రాములో రెండు వందల పన్నెండు నియమాలున్నాయనీ, ప్రతి నియమానికీ ఒక బరువు ఉంటుందనీ, రెండు నియమాలు ఢీకొంటే బరువైనది నెగ్గుతుందనీ, బరువులు కూడా కాలాన్ని బట్టి మారుతుంటాయనీ, ఆ మార్పును చూసుకునే నియమాలు మళ్ళీ వేరే ఉన్నాయనీ చెప్పాడు. ఆమె మధ్యలో ఫోను చూడలేదు, ఆవలించలేదు. శ్రద్ధగా విన్నది. అదే కొంప ముంచింది.

"నాకర్థం కాలేదండి," అంది చివర్న, కోపమేమీ లేకుండా. "మీకు అర్థమైందా?"

అతను నవ్వబోయి మానేశాడు. ఆమె నిజంగానే అడిగింది.

"ఒక పని చేయండి. ఆ నియమాలన్నీ మామూలు మాటల్లో, ఒక్కోటి ఒక్కో వరుసలో రాసి కింద గోడకు అంటించండి. ఎవరికి ఏది కావాలో వాళ్ళే పక్కన ఎందుకో రాస్తారు. అక్కర్లేనివి కొట్టేస్తారు. శుక్రవారం పన్నెండింటికి కారణం లేనివన్నీ పోతాయి. మిగిలినవాటితో చిన్నది ఒకటి రాయండి. చిన్నది అంటే, మీరు సెలవు పెట్టినా నడిచేది."

"నేను సెలవు పెట్టనండి."

"అందరూ అదే చెప్తున్నారు," అంటూ ఆమె లేచి, కూర్చోవడానికి తనే పక్కకు దింపుకున్న అట్టపెట్టెలను మళ్ళీ కుర్చీ మీదికి ఎత్తి మరీ వెళ్ళింది.

ఆ గది ఒకప్పుడు టైర్లు పెట్టిన గది. పన్నెండేళ్ళయినా రబ్బరు వాసన పోలేదు. కిటికీలోంచి చూస్తే డిపో ఆవరణ, బస్సుల పైకప్పులు కనిపిస్తాయి. బస్సులను పైనుంచి చూసే మనిషి ఈ డిపోలో తనొక్కడే అని ఒకప్పుడు గర్వంగా ఉండేది. గదిలో రెండు కుర్చీలు. మొదట్లో ఆ రెండో కుర్చీకి తీరిక ఉండేది కాదు. ఒకాయన వచ్చి నడుం నొప్పి అనేవాడు. ఇంకొకాయన మా అత్తగారికి వారానికోసారి ఆసుపత్రి అనేవాడు. ఒకామె వచ్చి, ఫలానా కండక్టరుతో నా వల్ల కాదు సార్, పళ్ళు కొరుకుతాడు, ఆ చప్పుడుకి స్టీరింగు వదిలేసి పారిపోవాలనిపిస్తుంది అని చెప్పి కళ్ళనీళ్ళు పెట్టుకునేది. అతను అందరినీ కూర్చోబెట్టి, విని, ఒక్కొక్కరికీ ఒక్కో నియమం రాశాడు. ఆనాడు తన పనేమిటని ఎవరైనా అడిగితే ప్రోగ్రాములు రాయడమని చెప్పేవాడు గానీ, మనసులో మాత్రం మనుషుల్ని వినడమే తన పని అనుకునేవాడు.

తర్వాత, పని సులువవుతుందని, పద్నాలుగు గడుల దరఖాస్తు ఒకటి తయారు చేసి కింద బల్ల మీద పెట్టించాడు. ఇక ఎవరూ మెట్లెక్కలేదు. రెండో కుర్చీ మీద అట్టపెట్టెలు చేరాయి. తనే చేసుకున్నాడు. ఎవరిననాలి?

మంగళవారమంతా నియమాలను మామూలు మాటల్లోకి దించుతూ కూర్చున్నాడు. అరవై దాకా చేయి ఆగలేదు. అరవై ఒకటి దగ్గర ఆగింది.

కోడులో అది నాలుగు ఫైళ్ళలో చెల్లాచెదురుగా ఉంది. ఒక చోట, స్టాపులో బస్సు తలుపు ఎన్ని క్షణాలు తెరిచి ఉంచాడో డ్రైవరు వారీగా లెక్క కడుతుంది. ఇంకో చోట ఆ లెక్కకు 'ఓర్పు గుణకం' అని పేరు పెడుతుంది. మూడో చోట దాన్ని ఉదయం ఆరూ పదికి బయల్దేరే తొమ్మిదో నంబరు బస్సుతో ముడిపెడుతుంది. నాలుగో చోట దానికి వెయ్యి బరువు ఇస్తుంది. మొత్తంలో వెయ్యి బరువున్నది అదొక్కటే. నాలుగూ కలిపి చదివితే తప్ప దాని అర్థం తెలియదు. కలిపి చదివే అవసరం ఇన్నేళ్ళలో ఎవరికీ రాలేదు. అతనికి కూడా.

అప్పట్లో భార్య అద్దాల కర్మాగారంలో పని చేసేది. పొద్దున్నే లేవలేకపోయేది. లేచినా త్వరగా కదల్లేకపోయేది. మూడో స్టాపుకు పరిగెత్తేది. నెలలో సగం రోజులు బస్సు దాటిపోయేది, సాయంత్రం ముఖం వేలాడేసుకుని వచ్చేది. అతను చేయగలిగినవి చాలా ఉన్నాయి. ఐదు నిమిషాలు ముందు లేపొచ్చు. టిఫిన్ డబ్బా తనే సర్దొచ్చు. స్టాపు దాకా తోడు వెళ్ళి, అదుగో వస్తోంది, ఆపండి అని చెయ్యి ఊపొచ్చు. ఇవేమీ చేయలేదు. డిపోకు వెళ్ళి, నెమ్మదిగా నడిపే, మనిషి కనిపిస్తే ఆగే డ్రైవరు ఆ బస్సుకే పడేలా నియమం రాశాడు. ఆ డ్రైవరును అందరూ నిదానం అంటారు. పేరు రాస్తే ఎవరైనా అడుగుతారని పేరు రాయలేదు. గుణకం కనిపెట్టాడు.

"ఈ మధ్య ఆ బస్సు డ్రైవరు ఎంత మంచాయనో," అంది భార్య ఒక రోజు చెప్పులు విప్పుతూ. "నన్ను చూసి ఆగాడు."

అతను పేపరు వెనక ముఖం దాచుకుని నవ్వుకున్నాడు. చెప్పలేదు. ఆ సంతోషాన్ని చాలా రోజులు ఒక్కడే దాచుకున్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే, అది చూసి ఆమె తనను ప్రేమించాల్సిన పని. ఆ ప్రేమ డ్రైవరుకు పోయింది.

వెళ్ళిపోయిన రోజు ఆమె అరవలేదు. "నువ్వు నాతో ఏదీ తిన్నగా చెప్పవు. నిన్ను అర్థం చేసుకోవాలంటే ఒక ఆఫీసు తెరవాలి. నాకు ఒక ఉద్యోగం చాలు," అంది. ఐదేళ్ళయింది. కర్మాగారం మారింది, ఊరూ మారింది. నియమం మారలేదు.

చివరికి కాగితం మీద ఇలా రాశాడు: '61. ఆరూ పది, తొమ్మిదో నంబరు: ఓర్పు గుణకం అందరికంటే ఎక్కువ ఉన్న డ్రైవరుకు. బరువు వెయ్యి.' అబద్ధం లేదు. నిజమూ లేదు.

బుధవారం పొద్దున్న చార్టు అక్క ఆ కాగితాలను డ్రైవర్ల గది గోడకు వరుసగా అంటించి, మేకుకు దారం కట్టి పెన్ను వేలాడదీసింది. అతను మెట్ల మలుపులో నిలబడి విన్నాడు. దిగాలనిపించింది. దిగలేదు.

"ఇదెవడి రూలురా, ఐదడుగుల మూడంగుళాల లోపువాళ్ళకి పాత బస్సు ఇవ్వకూడదట!"

"నీదే. పెడలు అందట్లేదని ఊరంతా చెప్పుకు తిరిగావుగా."

"సీటు ఇరుక్కుపోయి అందలేదు బాబూ! సీటుకి నూనె వేస్తే పోయేదానికి నా ఎత్తు కొలిచి రూలు రాశారా? కొట్టెయ్, కొట్టెయ్."

"నూట పద్దెనిమిది చూడండి. మీసాలాయన్నీ పొట్టి కండక్టర్నీ ఒకే బస్సెక్కించకూడదట."

"మీసాలాయన రిటైరయ్యి నాలుగేళ్ళు. పొట్టాయన పోనే పోయాడు, పాపం."

"అయితే పైన కూడా వేరువేరు బస్సులే ఇస్తారన్నమాట."

"నోర్ముయ్. ఆసుపత్రిలో చివరి దాకా పొట్టాయన పక్కన కూర్చున్నది మీసాలాయనే. ఎప్పుడో కలిసిపోయారు వాళ్ళు. మన మిషనుకే ఎవరూ చెప్పలేదు."

నవ్వులు. పెన్ను గీత చప్పుడు. మెట్ల మీద అతనికి ఆ గీతలు ఒంటి మీద పడుతున్నట్టు అనిపించాలి, కానీ అలా అనిపించలేదు. ఆశ్చర్యంగా, హాయిగా ఉంది. బిగుతు చొక్కా గుండీలు ఒక్కొక్కటీ ఎవరో విప్పుతున్నట్టు.

"అక్కా, ఈ అరవై ఒకటేంటి? ఓర్పు గుణకమంట."

"నాకేం తెలుసు? పైనున్నాయన్ని అడగండి."

"దేవుణ్ణా?"

"దేవుడైతే ఎప్పుడో ఒకప్పుడు వింటాడు. నేననేది పై గది ఆయన్ని."

అతను చప్పుడు కాకుండా మళ్ళీ పైకెక్కాడు.

గురువారం ఉదయానికి నూట తొంభై మూడు వరుసలు పోయాయి. మిగిలిన పంతొమ్మిదిలో అరవై ఒకటి పక్కన ఖాళీ. దాన్ని వదిలేసి, పద్దెనిమిదింటితో కొత్త ప్రోగ్రాము రాశాడు. మధ్యాహ్నానికి అయిపోయింది. మొత్తం కలిపి మూడు తెరల నిడివి. రెండు క్షణాల్లో చార్టు వచ్చింది. పరీక్షకని అరవై ఒకటిని చేర్చి చూశాడు. 'సాధ్యం కాదు.' ఇన్నాళ్ళూ అడ్డం పడింది ఇదే. ఆరూ పది బస్సుకు పొడవు బండి వచ్చింది, పొడవు బండికి నిదానం శిక్షణ తీసుకోలేదు, శిక్షణ నియమం ఏ బరువుకూ లొంగదు, అరవై ఒకటేమో ఆయన్నే కావాలని మొండికేసింది.

తీసేశాడు. మళ్ళీ చార్టు వచ్చింది. ఆ మూడు తెరలనూ పైకీ కిందికీ జరిపి చూశాడు. ఏదీ దాగి లేదు. చార్టు అక్క అయినా చదవగలదు. ఇల్లు ఖాళీ చేసి తుడిచాక గదులు పెద్దవిగా కనిపిస్తాయే, అలా ఉంది. ఆ ఇంట్లో తను నిలబడాల్సిన చోటు మాత్రం కనిపించలేదు.

అప్పుడే చార్టు అక్క మెట్లెక్కి వచ్చింది. చేతిలో దరఖాస్తుల కట్ట.

"గోడ ముందు అందరూ అడుగుతుంటే గుర్తొచ్చి వెతికానండి. మన నిదానం బాబాయ్‌వి. మూడేళ్ళ నుంచి రెండో షిఫ్టు అడుగుతున్నాడు. పదకొండు సార్లు. పద్నాలుగు గడులూ నింపుతాడు, మీ మిషను 'వీలుకాదు' అంటుంది. నేను చేత్తో మారిస్తే ఎర్రగా మెరిసి మళ్ళీ మొదటికే తెస్తుంది."

"ఎందుకట రెండో షిఫ్టు?"

"పిన్నికి పక్షవాతం వచ్చింది కదండీ. కుడివైపు. పొద్దున్నే లేపి కూర్చోబెట్టేది ఎవరు? బాబాయ్ నాలుగున్నరకే బయల్దేరాలి. పక్కింటావిడ వచ్చేసరికి ఎనిమిది. అప్పటిదాకా ఆవిడ అలా పైకప్పు చూస్తూ పడుకోవడమే."

అతను కట్ట తీసుకున్నాడు. అనారోగ్య కారణాలకు నాలుగు వందల బరువు. అరవై ఒకటికి వెయ్యి. వెతకాల్సిన పని లేదు.

"చూస్తాను," అన్నాడు.

"మీ చూస్తాను మాకు తెలియంది కాదులెండి," అంటూ ఆమె దిగిపోయింది.

నాలుగింటికి అతను ఆవరణలోకి దిగాడు. ఆ సమయానికి నిదానం ఇంటికి వెళ్ళిపోయి ఉండాలి. వెళ్ళి ఉంటే బాగుండునని అనుకుంటూనే వెతికాడు. ఆయన ఎవరికో బదులు మరో ట్రిప్పు వేసి వచ్చి, బస్సు పక్క అద్దాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు. యాభై ఐదు దాటిన మనిషి. తుడిచినచోటే మళ్ళీ తుడుస్తున్నాడు.

"మీరా సార్! కిందికి దిగారే! వాన వస్తుందేమో."

"షిఫ్టు అడిగారట కదా."

"ఆఁ, అడిగాను. మిషను వీలుకాదంది. దాని లెక్క దానికుంటుంది లెండి. ఇంతమందిని సర్దాలి కదా. నా ఒక్కడి సంగతి చూస్తే ఎట్లా?"

"ఆ లెక్కేమిటో ఎప్పుడూ అడగలేదా?"

"ఎవర్ని అడిగేది సార్?" అని నవ్వాడు. దెప్పలేదు. నిజంగానే తెలియక అన్నాడు. "మొదట్లో నేనో కారణం ఊహించుకున్నాలెండి. మూడో స్టాపులో ఒక అమ్మాయి ఉండేది. రోజూ పరుగే. ఒక్కోసారి చెవికమ్మ ఒకటి చెవికి, ఒకటి చేతిలో. నేను తలుపు తెరిచి పెట్టి ఉంచేవాణ్ణి. ఎక్కి ఆయాసపడుతూ, బతికించారండీ అనేది. ఆ పిల్ల కోసమే మిషను నన్నిక్కడ పెట్టిందని మా ఇంటావిడతో వేళాకోళం చేసేవాణ్ణి. ఇప్పుడు రావట్లేదు. ఏళ్ళయింది. అయినా ఆ స్టాపులో తలుపు కాసేపు తెరిచే ఉంచుతాను. అలవాటైపోయింది. ఎవరో ఒకరు వస్తారు కదా సార్."

ఆయన ఆ తలుపు తెరిచి ఉంచిన ప్రతి క్షణమూ లెక్కలోకి ఎక్కింది. గుణకం పెరిగింది. మంచితనమే ఆయన్ని ఆ బస్సుకు కట్టేసింది. ఆ ముడి వేసిన మనిషి ఎదురుగా నిలబడి గొంతు సవరించుకున్నాడు. ఆ అమ్మాయి నా భార్య. నాలుగే మాటలు. ఎంత వెతికినా వాటికంటే మెరుగైనవి దొరకవు. కానీ అతని బుర్ర అప్పటికే ముందుమాట వెతుకుతోంది: నిజానికి ఆ రోజుల్లో పరిస్థితులు ఎలా ఉండేవంటే...

"చూస్తాను," అన్నాడు మళ్ళీ.

"తొందరేం లేదు సార్," అన్నాడు నిదానం.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం తింటూ లెక్క వేసుకున్నాడు. అరవై ఒకటి పక్కన ఎవరూ కారణం రాయలేదు. రేపు పన్నెండుకు అదంతట అదే పోతుంది. నిదానానికి షిఫ్టు వస్తుంది. ఎవరూ ఏమీ అడగరు. ఏమీ చేయకుండానే అన్నీ సర్దుకుంటాయి. ఇంతకంటే సరళమైన దారి ఏముంది? ఆ మాట అనుకున్నాక కంచం పక్కకు జరిపాడు. ఒక పని ఆపేయడం వేరు, మాట్లాడకుండా తప్పుకోవడం వేరు అని భార్య ఎప్పుడో అంది. ఆ రోజు దానికి దీటైన జవాబు చెప్పాడు. ఇప్పుడు ఆ జవాబు గుర్తులేదు, ఆమె మాటే మిగిలింది.

శుక్రవారం పదకొండున్నరకు ఫోను మోగింది. మేనేజరు.

"పంతొమ్మిదికీ కారణాలు వచ్చేశాయండి. మీరు కొత్తదానిలో పంతొమ్మిదీ పెట్టేయండి."

"పద్దెనిమిది కదండీ. అరవై ఒకటి ఖాళీ."

"లేదే. రాశారెవరో. వచ్చి చూసుకోండి."

అతను మెట్లు దిగాడు. డ్రైవర్ల గదిలో ఏడెనిమిది మంది ఉన్నారు. టీ గ్లాసులు, టోపీలు, ఎవరిదో రేడియో. అతన్ని చూసి మాటలు కాస్త తగ్గాయి. గోడ నిండా కొట్టివేతలు. అరవై ఒకటో వరుస పక్కన గుండ్రటి అక్షరాలు, చిన్నపిల్లలు రూళ్ళ కాగితం మీద రాసినట్టు పొందిగ్గా ఉన్నాయి.

'ఇది ఎవరికో అవసరం అయి ఉంటుంది. తెలియకుండా తీయడం మంచిది కాదు. ఉంచండి.'

కింద నిదానం సంతకం.

ఆయన మూలన బెంచీ మీద కూర్చుని టీ చల్లార్చుకుంటున్నాడు. అతన్ని చూసి తలాడించాడు, మీ మిషను మాట నిలబెట్టాను లెండి అన్నట్టుగా.

"బాబాయ్‌కి పిచ్చి," అంది చార్టు అక్క బల్ల వెనక నుంచి. "కొట్టేయమని పొద్దుట్నుంచీ పోరుతున్నాను. అదుంటే నీకే షిఫ్టు రాదయ్యా అన్నా వినడు."

"ఎవరికో ఏదో ఉండబట్టే కదమ్మా పెట్టారు," అన్నాడు నిదానం.

అతను గోడ దగ్గరికి వెళ్ళాడు. దారం పొట్టిది. పెన్ను అందాలంటే కాగితానికి ముఖం ఆనేంత దగ్గరగా నిలబడాలి. పెన్ను మొదట రాయలేదు. అరచేతిలో రెండు సున్నాలు చుట్టాడు, సిరా దిగింది. వెనక రేడియో ఎవరో తగ్గించారు. ముందుమాట కోసం ఒక క్షణం వెతికాడు. వెతుకుతున్నానని తెలుసుకుని మానేశాడు.

గుండ్రటి అక్షరాల కింద రాశాడు: 'మూడో స్టాపులో పరిగెత్తుకొచ్చే అమ్మాయి నా భార్య. ఆమె కోసం నేను పెట్టాను. ఆమె ఇప్పుడు ఆ బస్సు ఎక్కదు.'

సంతకం చేశాడు. అరవై ఒకటో వరుస మొదట్లో పెన్ను ఆనించి, చివరి దాకా ఒకే గీత గీశాడు.